పచ్చి పలక నుంచి సీఎల్‌టీ ప్యానెల్ దాకా: బెంగళూరులో నా ఎంటెక్ ప్రాజెక్ట్ 11 నెలలు

వైవా అయిపోయి వారం కూడా కాలేదు, ఇప్పుడు రాయకపోతే మర్చిపోతా అని కూర్చున్నా. చెక్క మీద ప్రాజెక్ట్ తీసుకుందాం అనుకునే జూనియర్స్ ఇద్దరు ముగ్గురు ఇప్పటికే ఫోన్ చేసి అడిగారు, అక్కా ఎన్నాళ్ళు పడుతుంది, ఎంత అవుతుంది అని. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాస్తే నయం కదా.

నాది ఒంగోలు దగ్గర పల్లె. నాన్న ఇరవై ఏళ్ళుగా సుబాబుల్, జామాయిల్ వేస్తున్నాడు. కొట్టిన కర్రంతా టన్నుల లెక్కన పేపర్ గుజ్జుకి పోతుంది, ఏ ఏడాది ఏ రేటు వస్తుందో లారీ కాటా ఎక్కేదాకా మాకు తెలీదు. చెక్క అంటే చిన్నప్పటి నుంచి నాకు తెలిసింది అదే, బరువు చూసి అమ్మేది. బెంగళూరులో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ ఎంటెక్‌లో చేరాక ఒకసారి ఫ్రెండ్‌ని దింపడానికి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి టెర్మినల్ 2 చూశా, పైకప్పు నిండా ఇంజనీర్డ్ వెదురు. అక్కడే నిలబడిపోయా. మా ఊళ్ళో పందిరికి వేసే వెదురుని ఇట్లా కూడా వాడతారా అని. ఫస్ట్ ఇయర్ అయిపోయేసరికి గైడ్ సార్ దగ్గరికి వెళ్ళి నాకు స్టీల్ వద్దు సార్, చెక్క మీద చేస్తా అన్నా.

2024 జులై 12, శుక్రవారం. టాపిక్ ఫిక్స్ అయింది. ఆరేడేళ్ళలో కోతకొచ్చే మలబార్ వేప చెక్కతో క్రాస్ లామినేటెడ్ టింబర్ ప్యానెల్స్ చేసి వంపు టెస్టు చేయాలి, అంటే బరువు వేసి వంచుతూ విరిగేదాకా చూడాలి. పలకలు ఒక వరస నిలువుగా, దాని మీద ఇంకో వరస అడ్డంగా, మళ్ళీ నిలువుగా పెట్టి గ్లూతో అతికించి నొక్కితే వచ్చేదే సీఎల్‌టీ. యూరప్‌లో దాంతో అపార్ట్‌మెంట్లే కడుతున్నారు, అయితే వాళ్ళు ఎక్కువగా వాడేది స్ప్రూస్. మన రైతు పెంచే చెట్టుతో చేస్తే ఎట్లా ఉంటుందనేది నా ప్రశ్న. మా సుబాబుల్‌తోనే చేస్తానన్నా కానీ సార్ ఒప్పుకోలేదు, రవాణా కాగితాలు, జాతి, వయసు అన్నీ రుజువు చేసుకుంటూ కూర్చుంటే ఏడాది అక్కడే పోతుంది, ఇక్కడ దొరికేది తీసుకో అన్నారు. ఆ రోజు కాస్త బాధేసింది, ఇప్పుడు చూస్తే ఆయన చెప్పిందే కరెక్ట్.

ఆగస్ట్ 3, శనివారం మైసూర్ రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌కి వెళ్ళా. అక్కడ మలబార్ వేప అంటే ఎవరికీ తెలీదు, కన్నడలో హెబ్బేవు అనాలి. నాలుగు అడితులు తిరిగితే ఒకచోట దొరికింది. సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగు, 620 రూపాయలు, 30 సీఎఫ్‌టీ తీసుకున్నా, 18,600కి 18 శాతం జీఎస్టీ కలిపితే 21,948. ఇక్కడ ఒక మాట, బిల్లు లేకుండా అయితే తక్కువకి ఇస్తామంటారు, తీసుకోవద్దు. ఆటో ట్రాలీ డ్రైవర్ బిల్లు చూపిస్తే గానీ లోడ్ ఎత్తనన్నాడు, కాలేజీ కూడా బిల్లు లేనిది రీయింబర్స్ చేయదు. ఇంకో సంగతి, నాకు కావాల్సిన ప్యానెల్స్ 12, ఒక్కోటి 1600 పొడవు, 300 వెడల్పు, 60 మిల్లీమీటర్ల మందం, అంటే లెక్క ప్రకారం 12 సీఎఫ్‌టీ చాలు. మరి 30 ఎందుకంటే 25 మిల్లీమీటర్ల పలక చిత్రిక పట్టేసరికి 20కి దిగుతుంది, ముడులున్నవి, మెలితిరిగినవి, బీటలు పడ్డవి తీసేయాలి. నాకు ఆ 30 కూడా సరిపోలేదు, అది తర్వాత చెప్తా.

పలక ముక్క ఒకటి తీసుకుని మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి వెళ్ళా, జాతి గుర్తింపు కోసం. అడితి వాళ్ళు చెప్పిన పేరు థీసిస్‌లో రాస్తే ఎగ్జామినర్ ఒప్పుకోడు. చెక్క అడ్డకోతని లెన్స్ కింద పెడితే రంధ్రాలు వలయాల వెంట వరసగా పేర్చినట్టు కనిపించాయి, ఆ రోజు నేను చాలా సేపు చూస్తూ ఉండిపోయా. చిన్నప్పటి నుంచి కర్ర మోస్తూనే ఉన్నా, లోపల ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు.

ఇక ఎండబెట్టడం. అసలు కథ ఇదే, టెస్టు అంటే ఒక ప్యానెల్‌కి పట్టుమని పది నిమిషాలు, దానికి ముందు ఎనిమిది నెలలు చెక్క ఆరడానికీ మనం ఎదురుచూడడానికీ పోతాయి.

కొన్న రోజు పలకల్లో తేమ 40 శాతం పైనే ఉంది. మాకు కావాల్సింది 12 దగ్గర, అటూ ఇటూ 3. చెక్కలో తేమ 30 శాతం కిందికి దిగాకే అది కుదించుకుపోవడం మొదలవుతుంది, అంతకు ముందు పోయేదంతా కణాల లోపలి ఖాళీలో ఉన్న నీళ్ళు. లైబ్రరీలో చదివితే ఒక లైను, షెడ్డులో చూస్తే ఆరు వారాలు ఏమీ జరగనట్టే ఉండి ఏడో వారం నుంచి పలకలు ఒక్కొక్కటి తిరగడం మొదలుపెట్టాయి. కాలేజీ వెనక సైకిల్ షెడ్డులో జాగా ఇచ్చారు, వరసకీ వరసకీ మధ్య అంగుళం సన్న బద్దలు పెట్టి పేర్చి, పలకల చివర్లకి పెయింట్ కొట్టి, పైన బరువులు పెట్టా. చివర్లకి పెయింట్ కొట్టకపోతే అక్కడ నుంచి తేమ గబగబా పోయి బీటలు వస్తాయి. మొదటి రోజు పెయింట్ తక్కువై ఆరు పలకలు వదిలేశా, ఆ ఆరూ చివర నుంచి అరచెయ్యి పొడవున చీలాయి.

అక్టోబర్‌లో బెంగళూరు వానలు గుర్తున్నాయి కదా. 21వ తారీఖు రాత్రి యలహంక వైపు అపార్ట్‌మెంట్లలోకే నీళ్ళు వచ్చేశాయి, నేనుండేది ఆ పక్కనే. రాత్రి రెండింటికి లేచి షెడ్డు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు, తెల్లారాక మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్తే అడుగు వరస ఇటుకల మీద ఉండబట్టి పలకలకి నీళ్ళు తాకలేదు కానీ గాలి వాటుకి జల్లు కొట్టి ఒక పక్కంతా తడిసింది. అక్కడే కూర్చుని ఏడ్చా. వాచ్‌మన్ అన్న టార్పాలిన్ తెచ్చి కప్పి, టీ ఇప్పించి పంపాడు.

కిల్న్‌లో, అంటే వేడి గాలితో చెక్క ఆరబెట్టే గదిలో, పెడితే తొమ్మిది పది రోజుల పని. కానీ బయటి కిల్న్‌కి స్లాట్ అడిగితే జనవరి అన్నారు. నాకేమో డిసెంబర్‌లో మిడ్ టర్మ్ రివ్యూ. తేమ చూపించే పిన్ మీటర్ గుచ్చి చూస్తే నవంబర్ రెండో వారానికి 12, 13 చూపిస్తోంది. చాలు, మొదలుపెడదాం అని నిర్ణయం తీసుకుంది నేనే, సార్ అయితే ఇంకోసారి చూసుకో అనే అన్నారు.

చిత్రిక పట్టడానికి యలహంకలో ఒక వర్క్‌షాప్ దొరికింది, అక్కడి పెద్దాయన మదనపల్లె ఆయన, నేను ఆచారి బాబాయ్ అని పిలిచేదాన్ని. మిషన్ నుంచి పొట్టు పడుతుంటే ఆయన గుప్పెడు తీసి నా చేతిలో పెట్టి, "చూడమ్మా, చల్లగా తగులుతాంది. ఇంగా లోపల పచ్చి ఉండాది, ఆగితే మేలు" అన్నాడు. నేను మీటర్ చూపించి "లేదు బాబాయ్, 12 ఉంది" అన్నా. "నీ ఇష్టం తల్లీ, మిషన్ది నాకు తెలీదు, నాకు తెలిసింది చెప్పినా" అని పని చేసిపెట్టాడు. చిత్రిక పట్టిన 24 గంటల్లోపు గ్లూ పూయాలి, ఆలస్యమైతే చెక్క ఉపరితలం మారిపోయి గ్లూ సరిగ్గా పట్టదు, అందుకని ఏ రోజు చిత్రిక పట్టినవి ఆ సాయంత్రమే లోడ్ చేసుకుని తెచ్చుకునేవాళ్ళం.

గ్లూ గురించి చెప్పాలి. మేం వాడింది పాలీయురేథేన్, గాలిలోనూ చెక్కలోనూ ఉన్న తేమతోనే గట్టిపడే రకం. నాకు మొత్తానికి రెండు కేజీలు చాలు, కానీ అమ్మేవాళ్ళ దగ్గర చిన్న ప్యాక్ 20 కేజీలు, ఒకసారి తెరిస్తే నిల్వ ఉండదు. కాలేజీ లెటర్‌హెడ్ మీద మూడు కంపెనీలకి రాస్తే ఐదు వారాలకి ఒకళ్ళు 3 కేజీల శాంపిల్ ఫ్రీగా పంపారు. కాబట్టి గ్లూకి లెటర్ టాపిక్ ఫిక్స్ అయిన రోజే పెట్టండి. గ్లౌజులు రెండేసి జతలు వేసుకోండి, చర్మానికి అంటితే వారం దాకా పోదు, నా చెయ్యి చూసి మెస్‌లో అన్నం వడ్డించే ఆంటీ ఏమైందమ్మా అని కంగారు పడింది.

ప్రెస్ ఇంకో తలనొప్పి. చదరపు మిల్లీమీటర్‌కి 0.8 న్యూటన్లు అంటే వినడానికి చిన్నదే, 1600 బై 300 ప్యానెల్ మీద లెక్కేస్తే 39 టన్నులు! పీణ్యలో ఫ్యాబ్రికేషన్ చేసే చోట ఐ ఆకారపు స్టీల్ దూలాలతో ఫ్రేమ్ వెల్డ్ చేయించి నాలుగు హైడ్రాలిక్ జాక్‌లు పెట్టాం, జాక్‌లు కాలేజీవి, ఫ్రేమ్‌కి 14,500. పలకలు పేర్చి, గ్లూ పూసి, జాక్ బిగించడం అంతా 30 నిమిషాల్లో అయిపోవాలి. ముందు గ్లూ లేకుండా ఉత్తినే నాలుగుసార్లు ప్రాక్టీస్ చేశాం, మొదటిసారి 52 నిమిషాలు పట్టింది, నాలుగోసారికి 24కి వచ్చాం. ఇద్దరు ఫ్రెండ్స్ లేకపోతే అయ్యే పని కాదు, వాళ్ళకి నేను జీవితాంతం రుణపడి ఉంటా.

నవంబర్ 18 నుంచి మూడు రోజుల్లో ఐదు ప్యానెల్స్ నొక్కాం. చూడ్డానికి ఎంత బాగున్నాయంటే ఫొటో తీసి నాన్నకి పంపా. నాన్న ఫోన్ చేసి "ఏందమ్మా ఇది, గుమ్మం తలుపా?" అన్నాడు.

డిసెంబర్ 9, సోమవారం డీలామినేషన్ టెస్టు, అంటే అతికించిన పొరలు విడిపోతాయా లేదా అని చూడడం. సీఎల్‌టీకి యూరప్ వాళ్ళ ప్రమాణం ఈఎన్ 16351 ప్రకారం ప్యానెల్ నుంచి చిన్న దిమ్మలు కోసి, నీళ్ళ సిలిండర్‌లో పెట్టి అరగంట వాక్యూమ్, తర్వాత రెండు గంటలు ప్రెజర్, ఆ పైన 70 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పది పదిహేను గంటలు. బయటికి తీశాక గ్లూ లైన్ ఎంత పొడవు విడిపోయిందో కొలవాలి, మొత్తం మీద పది శాతం దాటకూడదు. మరుసటి రోజు పొద్దున ఓవెన్ తలుపు తీస్తే ఇంకా స్కేల్ పెట్టే అవసరమే లేదు, పుస్తకం పేజీల్లా విప్పుకున్నాయి. కొన్ని దిమ్మల్లో గ్లూ లైన్ సగానికి పైగా తెరుచుకుంది. గ్లూ లైన్‌లో నురగ లాంటి బుడగలు. గదిలో పెట్టిన మిగతా ప్యానెల్స్‌కి కూడా ఆ పాటికే పై పొరలో బీటలు.

సార్ ఒక్క మాట కూడా అనలేదు. మిగిలిన పలక నడి మధ్య నుంచి ముక్క కోయించి తూకం వేయమన్నారు, 412.6 గ్రాములు. 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఉంచి మళ్ళీ తూచితే 346.7. తేడా 65.9, దాన్ని ఎండు బరువుతో భాగిస్తే 19 శాతం. మీటర్ పిన్నులు పైన కొన్ని మిల్లీమీటర్ల లోతే గుచ్చుకుంటాయి, పైన 12 నిజమే, లోపల అంతకంటే ఎంతో ఎక్కువ ఉండబట్టే ముక్క మొత్తం మీద 19 వచ్చింది. పైగా ఆ మీటర్‌లో మలబార్ వేపకి సెట్టింగే లేదు, వేరే జాతి చెక్క సెట్టింగ్‌లో వాడుతున్నా. ఎక్కువ తేమకి గ్లూ నురగెత్తింది. తర్వాత లోపలి తేమ పోతుంటే ప్రతి పలకా అడ్డంగా కుదించుకోవాలని చూస్తుంది, నిలువునా మాత్రం దాదాపు కుదించుకోదు, అడ్డ పొరా నిలువు పొరా ఒకదాన్నొకటి పట్టుకుని గుంజుకుంటే బలహీనంగా ఉన్న గ్లూ లైన్ తెగిపోతుంది. ఆచారి బాబాయ్ పొట్టు చేత్తో పట్టుకుని చెప్పింది ఇదే. ఆ సాయంత్రం వర్క్‌షాప్‌కి వెళ్ళి చెప్పేశా, బాబాయ్ మీరన్నదే నిజం, నేను వినలేదు అని. ఆయన "సరేలేమ్మా, చెక్క యాడికీ పోదు, మళ్ళా చేద్దాం" అన్నాడు.

మిడ్ టర్మ్‌లో విడిపోయిన దిమ్మలే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టా. కమిటీలో ఒకాయన ఇది టైం వేస్ట్, సిమ్యులేషన్‌కి మార్చుకో అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేకపోయా. నిజంగా మార్చేద్దామా అనుకున్నా కూడా. నాన్నతో చెప్తే "ఒక్క పంట పోయిందని పొలం అమ్ముకుంటామా" అన్నాడు, అంతే, ఫోన్ పెట్టేసి మళ్ళీ లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టా.

ఐదు ప్యానెల్స్ చెక్క పోయింది, వంకరవి, చీలినవి పోగా మిగిలింది చాలదు, డిసెంబర్ మధ్యలో ఇంకో 14 సీఎఫ్‌టీ కొన్నా, 10,242 అయింది. ఈసారి అడితిలో రెండు నెలలుగా పేర్చి ఉన్న వరస నుంచే ఏరుకున్నా, ఒక్కో పలకనీ కంటికి ఆనించి వంకర చూసుకుంటూ, మూడు గంటలు పట్టింది. జనవరి 6న కిల్న్‌లోకి వెళ్ళాయి, తొమ్మిది రోజులు, 7,000. బయటికొచ్చాక ప్రతి పది పలకలకి ఒకదాని నుంచి ముక్క కోసి ఓవెన్ పరీక్ష చేశా, మీటర్‌ని నమ్మలేదు. 11 నుంచి 13 మధ్య వచ్చాయి. కాస్త వంపున్న పలకలు పారేయలేదు, అడ్డ పొరకి 300 మిల్లీమీటర్ల ముక్కలే కావాలి కాబట్టి చిన్నగా కోస్తే వంపు పోతుంది. ఇది మొదటిసారే తోచి ఉంటే ఎంత చెక్క మిగిలేదో.

బాబాయ్ ఈసారి పొట్టు పట్టుకుని నలిపి ఏమీ అనకుండా తలూపాడు. జనవరి 27 నుంచి వారం పాటు నొక్కాం. పొద్దున చలికి గ్లూ సరిగ్గా గట్టిపడదని పదకొండు దాటాకే మొదలుపెట్టేవాళ్ళం, రోజుకి రెండు ప్యానెల్స్. ఫిబ్రవరి 10న డీలామినేషన్ మళ్ళీ. ఓవెన్ దగ్గర నా చేతులు వణికాయి. పది దిమ్మల్లో తొమ్మిదింటిలో విడిపోయింది పది శాతం లోపే. విడిపోయిన ఆ ఒక్కటీ చూస్తే గ్లూ లైన్ మీద ముడి ఉంది. ఆ రోజు హాస్టల్‌కి నడుచుకుంటూ వచ్చా, బస్సెక్కాలనిపించలేదు.

వంపు టెస్టుకి మార్చి 17 స్లాట్ ఇచ్చి, బరువు కొలిచే లోడ్ సెల్ క్యాలిబ్రేషన్‌కి పోయిందని రద్దు చేశారు. ఏప్రిల్ 9, 10 దొరికింది. అప్పటిదాకా ప్యానెల్స్‌ని ప్లాస్టిక్ షీట్‌లో చుట్టి గదిలో పెట్టుకున్నా, నా మంచం కింద ఆరు, రూమ్మేట్ మంచం కింద ఆరు. స్పాన్, అంటే రెండు ఆధారాల మధ్య దూరం, 1440 మిల్లీమీటర్లు ఉంచి లోడ్ పెంచుతుంటే ముందు చిటపటమని చిన్న శబ్దాలు, ఒక్కోసారి చాలాసేపు నిశ్శబ్దం, తర్వాత పెద్దగా ఫట్‌మని. కింది పొర నార తెగి విరిగినవి కొన్ని. చిన్న స్పాన్ మీద చేసినవాటిలో మాత్రం నడిమి అడ్డ పొర ఏటవాలుగా చీలింది, రోలింగ్ షియర్ అంటారు. కట్టెల మోపుని పక్క నుంచి తోస్తే కట్టెలు ఒకదాని మీద ఒకటి ఎట్లా దొర్లుతాయో, అడ్డ పొరలో నార అట్లా దొర్లి విడిపోతుంది. పుస్తకంలో బొమ్మ పదిసార్లు చూసినా అర్థం కానిది, ఆ చీలిక మీద వేలు పెట్టి తడిమితే అర్థమైంది. ముఖ్యంగా గ్లూ లైన్ దగ్గర విడిపోలేదు, చెక్కే విరిగింది. సార్ మొదటిసారి నవ్వారు.

డబ్బుల లెక్క అడుగుతారు కదా. చెక్క రెండుసార్లు కలిపి 32,190, ఫ్రేమ్ 14,500, కిల్న్ 7,000, చిత్రిక 9,000, ట్రాలీలు 3,800, పెయింట్, గ్లౌజులు, ప్లాస్టిక్ షీట్లు 1,400. మొత్తం 67,890. కాలేజీ ఇస్తామన్నది 25,000, అదీ బిల్లులన్నీ పెట్టాక, ఇంకా రాలేదు. మిగతాది నెలకి 12,400 గేట్ స్టైపెండ్ నుంచి. టెస్టు ఫీజులు మాకు మాఫీ చేశారు, మీకు అవుతుందో లేదో ముందే అడిగి రాయించుకోండి.

జూన్ 20న వైవా. ఎగ్జామినర్ గ్రాఫుల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు, విడిపోయిన మొదటి బ్యాచ్ దిమ్మ చేతిలోకి తీసుకుని అరగంట దాని గురించే అడిగారు. ఏ రోజు ఎంత తేమ, ఎక్కడ గుచ్చావు, ఎందుకు ఆగలేదు అని. అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పా.

నాన్న వైవాకి ఒక రోజు ముందే వచ్చాడు. బస్సు డిక్కీలో గోనె సంచి చుట్టి మూడు సుబాబుల్ పలకలు తెచ్చాడు, మీటరు పొడవువి, మా పొలంలోవే, సామిల్లులో కోయించినవి. విరిగిన ప్యానెల్ ముక్క చేత్తో పట్టుకుని అంచు మీద గోరు పెట్టి గీకి, అతుకు ఎక్కడుందో వెతికి, "మన కర్రతో కూడా అవుద్దా?" అన్నాడు. తెలీదు నాన్నా, ముందు ఆరాలి అన్నా. మూడింటికీ చివర్లకి పెయింట్ కొట్టి, మధ్యలో బద్దలు పెట్టి కిటికీ పక్కన పేర్చా, ప్రతి ఆదివారం తూకం వేసి పెన్సిల్‌తో పలక మీదే రాస్తా. మొన్న ఆదివారం మొదటి తూకం, మూడో పలక 4.86 కేజీలు.